ఖాదర్ పెదాల మీది మాటలు

క్యాసెట్ల దుకాణం షట్టరు సగం దించి, జైనాబీ ఖాలా పని ముందేసుకున్నాను. ఆమెకు చిన్నప్పుడే చెవులు పోయాయి. పరకాలలో జరిగిన చుట్టాల పెళ్లి కెమెరా టేపును టీవీలో వేసుకునే పెద్ద క్యాసెట్‌లోకి ఎక్కిస్తూ, అందరి మాటలూ బొమ్మ కింద అక్షరాల్లో వేసివ్వమంది. అందులో ఆమె కొడుకు ఖాదర్ ఉన్నాడు. ఆ పెళ్లి నుంచి వస్తూనే లారీ గుద్ది పోయాడు. ఒక్క మాట కూడా వదలకూడదనుకున్నాను.

బ్యాండు ఆగాక ఖాదర్ కెమెరా వైపు తిరిగి, "అమ్మీ, తిన్నవా?" అన్నాడు. అదే టైపు చేశాను.

పక్కనే కూర్చున్న ఖాలా తల అడ్డంగా ఊపింది. "గది గాదు రషీదూ. అందరియి మంచిగనే రాసినవ్. నా కొడుకుదే తప్పు."

సాఫ్‌గా వినబడుతోందని చెవి చూపించాను.

"సప్పుడు నాకెందుకు బిడ్డా? వాని పెదాలు పుట్టినప్పటి సంది సదువుతాన."

టేపు వెనక్కి తిప్పి చూశాను. గొంతు అదే మాట అంది. పెదాలు మాత్రం ఇంకేదో అంటున్నాయి.

అయినా లేవలేదు. ఆమెకు నా పెదాలు కనబడేలా మెల్లగా అన్నాను: "ఏమంటాండో నువ్వే చెప్పు ఖాలా. అట్లనే రాస్త."

ఆమె చెబుతుంటే తల ఎత్తకుండా కొట్టాను. "ఏడ్వకు అమ్మీ... ఈడ మస్తు చలిగున్నది..."

చాలాసేపటికి టీవీ వైపు చూశాను. టేపు ఎప్పుడో అయిపోయింది. తెర మీద చుక్కలే ఉన్నాయి. ఖాలా ఇంకా చెబుతూనే ఉంది. ఆమె చూపు నా భుజం మీదుగా, నా వెనకాల, మనిషి ముఖమంత ఎత్తున ఆగి ఉంది.

"రషీదన్నను ఎన్కకు మర్లొద్దను, అమ్మీ."

నేను మర్లలేదు. ఆ మాట కూడా టైపు చేశాను.