జనరల్ గారి సెల్యూట్

“అమ్మిరాజు గారూ, జనరల్ వేషం మీదే!” అన్నాడు మనోహర్.

అమ్మిరాజు చేతిలో టీ సగం చొక్కా మీద పడింది. జిద్దాలో ఒక కాంట్రాక్టు కంపెనీకి స్టోర్‌కీపర్ అతను. మనోహర్ అదే కంపెనీలో ఇంజనీరు. ఏటా తెలుగువాళ్ళందరినీ పోగేసి నాటకం వేయించడం అతని సరదా. ఈసారి తనే రాశాడు. రష్యా చక్రవర్తుల కాలంలో పదాతి దళం జనరల్‌గా వెలిగిన ఒక పెద్దమనిషి కథ.

“నలుగురిలో నా పేరు చెప్పమంటేనే నాకు నాలుక మడత పడుతుంది బాబూ!”

“డైలాగులు మాకొదిలేయండి. మీకు మీసముంది, విగ్రహముంది. జనరల్ గారు అసలు నోరు విప్పరు. ఆయన జీవితమంతా చుట్టూ ఉన్నవాళ్ళే చెబుతారు. చివర్లో ముసలి సిపాయి వచ్చి సెల్యూట్ కొడతాడు. అప్పుడు మీ చెయ్యి లేవాలి. ఆ ఒక్క సెల్యూట్‌కి జనం గుండె ఝల్లుమనాలి.”

“చెయ్యి ఒక్కటేనా?”

“ఒక్కటే. కుడిది.”

అమ్మిరాజు ఒప్పుకున్నాడు. కారణం జయ. పెళ్ళయిన ఇన్నేళ్ళకి భార్య మొదటిసారి విజిట్ వీసా మీద జిద్దా వస్తోంది. మొగుడి ధైర్యం మీద ఆవిడకి గట్టి అభిప్రాయం ఒకటుంది. గల్ఫ్ యుద్ధమే దానికి మూలం.

ఆ జనవరిలో క్షిపణులు రియాద్ మీద పడుతుంటే, ఎంతో దూరాన జిద్దాలో ఉన్న అమ్మిరాజు గ్యాస్ మాస్కు పెట్టుకుని పడుకున్నాడు. ఫిల్టరు మూత తీయడం మరిచిపోయాడు. ఊపిరాడలేదు. విషవాయువు వచ్చేసిందనుకుని కేకలు పెట్టి, క్యాంపు మొత్తాన్ని లుంగీలతో రోడ్డు మీదకి పరిగెత్తించాడు. సెలవు మీద ఊరెళ్ళినవాడెవడో ఆ సంగతి జయ చెవిన వేశాడు. అప్పటినుంచి ఫోనెత్తితే చాలు, “మూత తీశారా?” అనే ఆవిడ పలకరింపు.

“ఈసారి నేను జనరల్‌ని, తెలుసా?” అన్నాడు ఫోనులో.

“అలాగా అండీ! ఏ సైన్యానికి? లుంగీల సైన్యానికేనా?”

ఒక్కసారి, ఒక్క సాయంత్రం, ఆవిడ తనని చూసి నవ్వకుండా ఉంటే చాలనుకున్నాడు అమ్మిరాజు.

జిద్దాలోనే షరఫియా పేటలో ఉండే దర్జీ గులాం మొహిద్దీన్ దుస్తులు సిద్ధం చేశాడు. నిజామాబాద్ మనిషి. నాటకంలో ముసలి సిపాయి కూడా అతనే. యుద్ధం అయిపోయి రెండేళ్ళు దాటినా మిలిటరీ బట్టలు కుట్టాలంటే అతనికి జంకే. అందుకని ఏదో హోటల్ దర్వాను వాడి పారేసిన కోటుకి జరీ అంటించి, రేకు పతకాలు కుట్టాడు.

“మంచిదే,” అన్నాడు అమ్మిరాజు, అద్దంలో చూసుకుంటూ. “రోజంతా సలాములు కొట్టిన కోటు. నేను కొట్టలేకపోయినా అదే కొట్టేస్తుంది.”

“గట్లనకే అన్నా. ఆ జనరల్ సాబు పదిహేడేండ్లకే జెండ పట్టిండంట.”

“నేను ముప్ఫయ్యో ఏట స్టోరు తాళాలు పట్టాను. ఆ సైన్యంలో ఉంటే ఈపాటికి గుర్రాలకి గడ్డి వేస్తుండేవాణ్ణి.”

“గుర్రం తంతదే. అది గూడ నీతోని గాదు.”

నాటకం రోజు వచ్చింది. ఊరి బయట అద్దెకి తీసుకున్న ఇస్తిరాహా అనే విడిది తోట ఆవరణలో కుర్చీలు వేశారు. ఆడవాళ్ళు వెనకవైపు కూర్చున్నారు. వాళ్ళలో జయ.

తెర లేచేటప్పటికే జనరల్ గోడ వారగా తన చోట సిద్ధంగా ఉన్నాడు. తెల్లటి బుగ్గమీసాలు, ఛాతీ నిండా పతకాలు.

“పదిహేడేళ్ళకే జెండా పట్టి డాన్యూబ్ నది దాటారు నాన్నగారు,” అన్నాడు కొడుకు, ఆయన ముఖంలోకి చూసి. మంచు కొండల్లో ఆయన తన కోటు విప్పి గాయపడ్డ సిపాయికి కప్పిన సంగతి చెబుతూ కోడలు కళ్ళొత్తుకుంది. చక్రవర్తి ముఖం మీదే తప్పును తప్పన్నందుకు ఆయన్ని ఇంటికి పంపేశారన్నాడు పాత స్నేహితుడు. ఒక్కొక్కరూ వచ్చి ఆయన ఎదుట నిలబడ్డారు.

అమ్మిరాజు ముక్కు మీద ఈగ వాలింది. కదల్లేదు. రెప్ప వేయలేదు. పుట్టి బుద్ధెరిగాక భయం అతనికి పనికొచ్చింది ఇదే మొదలు.

చివరికి గులాం మొహిద్దీన్ కుంటుకుంటూ వచ్చి సెల్యూట్ కొట్టాడు.

“హుజూర్! మన పటాలంలో మిగిలింది నేనొక్కడినే!”

ఇప్పుడు చెయ్యి లేవాలి.

లేవలేదు.

లే, లే అనుకున్నాడు అమ్మిరాజు. చెయ్యి తనది కానట్టే వేలాడింది.

“లేపన్నా... చెయ్యి లేపు...” పెదవులు కదపకుండా గొణిగాడు గులాం. పక్కనుంచి మనోహర్ రెండు చేతులూ గాల్లో ఊపుతున్నాడు. ఇక లాభం లేదని తెర దించేశాడు.

జనం చప్పట్లు కొట్టారు. అవి మనోహర్‌కి వినిపించలేదు.

“మూడు నెలలు రిహార్సల్ చేశాం! ఒక్క చెయ్యి అమ్మిరాజు గారూ!”

“అదీ నా చెయ్యే కదా బాబూ. జనాన్ని చూసి బిగుసుకుపోయింది.”

నటుల పరిచయాలకి కూడా ఆగలేదు అమ్మిరాజు. చెక్క చట్రంలోంచి కిందికి దిగి, కోటు విప్పి, బుగ్గమీసాలు పీకి, ముఖం కడుక్కుని గేటు దగ్గరకి నడిచాడు. జయ ఎదురుచూస్తోంది. ఇక చచ్చేదాకా ఫోనులో ఏమని పలకరిస్తుందో ఊహించుకుంటూ తల దించుకున్నాడు.

“జయా... చివర్లో నా చెయ్యి...”

“ఉండండి ముందు,” అంది జయ, ముక్కు తుడుచుకుంటూ. “అందరూ కలిసి ఏడిపించేశారనుకోండి, గానీ జనరల్ వేషంలో మీరెప్పుడొస్తారా అని చివరిదాకా చూసీ చూసీ నా కళ్ళు కాయలు కాశాయి... ఆ గోడకి తగిలించిన నాన్నగారి పటం మాత్రం, ఏ మహానుభావుడు గీశాడో గానీ, అచ్చం మీ పోలికేనండీ!”