నీళ్లవ్వను చూసిన బాలమ్మ

“రెండు గ్రంథాలున్నాయి కదా మేడం!” అంది సిరి.

“రెండోది మొదటిదాన్ని చూసి రాసుకున్నది. తప్పులు కూడా అవే. నీ చేతిలో ఉండేది ఒక్క సాక్ష్యమే,” అంది హమీదా, కారు కిటికీలోంచి బయటికి చూస్తూ.

నంద్యాల వెనకబడి చాలాసేపయింది. ఎండకు నల్లమల కొండలు నీలంగా కరిగి, గాలిలో తేలుతున్నట్టున్నాయి.

సిరి పరిశోధన నీళ్లవ్వ మీద. వెయ్యేళ్ల కిందట, దప్పికతో ఉన్నవాళ్లకు నీళ్లు పోస్తూ ఈ దారుల్లో తిరిగిందని చెప్పుకునే సన్యాసిని ఆమె. ఆమె పేరున్న తొలి గ్రంథమే మూడువందల ఏళ్ల తర్వాతిది. అవ్వ నిజంగా ఉండేదా, ఎవరైనా కట్టిన కథా? అది తేలితే గాని సిరి సిద్ధాంతవ్యాసం ముగియదు. ఆమె గైడు హమీదా కూడా చదువుకునే రోజుల్లో నీళ్లవ్వ మీదే పని మొదలుపెట్టి, ఈ ఊళ్లన్నీ తిరిగి, ఆధారాలు చాలక వదిలేసిందట.

ఆళ్లగడ్డ దాటి రుద్రవరం దారి పట్టాక చిన్న గుడి వచ్చింది. చింతచెట్టు నీడలో నీళ్లకుండలు, వాటి పక్కన బాలమ్మ. నలభై దాటిన మనిషి. వచ్చేపోయేవాళ్లకు నీళ్లివ్వడమే ఆమె వ్రతం. ఇద్దరికీ చెరో చెంబు అందించింది.

“అవ్వ ఉన్నిందా అని అడుగుతాండావా? నేను చూసినానమ్మా!”

సిరి గబగబా ఫోన్‌లో రికార్డు నొక్కింది.

“అప్పుడు చిన్నపిల్లను. మా నాయనోళ్లు కూలికి పోయిండారు. నాకు కాలిపోయే జరం. లేసి నీళ్లు ముంచుకునే శక్తి ల్యా. యాడనుంచి వచ్చిందో, తెల్లగుడ్డ తలమీద కప్పుకోని వచ్చింది. నా తల ఒళ్లో పెట్టుకోని గుక్కగుక్క తాపింది. నేను కండ్లు తెరిసేసరికి మా యమ్మ ఉండాది, ఆ తల్లి ల్యా. ఊర్లో ఎవురిని అడిగినా తెలీదన్నారు. ఇంగెవురు? నీళ్లవ్వే! ఆ పొద్దే అనుకుంటి, ఈ దావన ఎవురూ దప్పితో పోగూడదని.”

చింతాకు సన్నగా రాలుతోంది. ఆ గొంతు వింటుంటే సిరికి ఆ మధ్యాహ్నం ఇంకా అక్కడే ఆగి ఉన్నట్టనిపించింది. హమీదా మాత్రం చెంబు అట్లాగే పట్టుకుని కొండల వైపు తిరిగి నిలబడింది.

“నమ్మవా మేడమ్మా?” అంది బాలమ్మ.

“నమ్ముతా బాలమ్మా,” అంది హమీదా.

కారు కదిలాక సిరి ఆగలేకపోయింది. “కళ్లారా చూసిన సాక్షి, మేడం! కానీ జ్వరంలో కల అని కొట్టేస్తారేమో.”

“కల కాదు. ఆమె చూసింది నిజమని రాయి. అవ్వ ఉండేదని మాత్రం రాయొద్దు.”

“అదెట్లా మేడం? రెండూ ఒకటే కదా?”

గుడి కనుమరుగయ్యాక హమీదా సిరి చేయి పట్టుకుంది.

“బాలమ్మకు ఎప్పటికీ చెప్పనని మాటివ్వు.”

అర్థం కాకపోయినా సిరి తలూపింది.

“ఆ బిడ్డకు నీళ్లు తాపింది నేనే.”