ఎదురు డోలు

ఇంటాయన వెంకటరామారావు పైవాటా మోటారు కట్టేసి, స్విచ్చి గదికి తాళం వేసి, ఆ తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ మేడెక్కాడు.

"ఆ డోలు బయటికి పోతే నీళ్ళొస్తాయి. లేదంటే మీరే బయటికి పోండి" అన్నాడు గుమ్మంలో నిలబడి.

వీరన్నకు ఒళ్ళు మండింది. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చాడు. ముఖం కడుక్కుందామంటే ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు. భద్రాచలం దాటాక అడవిలో ఉన్న కోయ ఊరు అతనిది. మొన్నమొన్నటి దాకా భద్రాచలంలో ఇళ్ళకు వైరింగ్ చేసేవాడు. అది మానేసి, కోర్సు చదివి, ఖమ్మంలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరాడు. పని మారింది, ఊరు మారింది, వేసుకునే చొక్కా కూడా మారింది. డోలును మాత్రం వదల్లేదు. బస్సు టాపు మీద తాడుతో కట్టించుకుని మరీ తెచ్చుకున్నాడు. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. కొందరికి పేక, కొందరికి సీసా, వీరన్నకు డోలు.

"ఆదివారం ఒక్కనాడే కొడుతున్న సార్. అదిగూడ పొద్దుగూకక ముందే. మీకేమైతాంది?"

తనకు తలనొప్పి వస్తోందన్నాడు వెంకటరామారావు. ఇంట్లో ఎవరైనా పోయారా అని చుట్టుపక్కల వాళ్ళు అడుగుతున్నారట. అది పచ్చి అబద్ధం. పక్కింటి టీచరమ్మ నిన్ననే పిట్టగోడ దగ్గర నిలబడి చివరిదాకా విని, బాగుందని చెప్పి వెళ్ళింది.

"వెనక ఫంక్షన్ హాల్ల డీజే పెడితే కిటికీలు ఊగుతయ్. అప్పుడు రాని నొప్పి నా డోలుకే వస్తాందా?"

"అది వేరు, ఇది వేరు. అడవి మోతలు అడవిలోనే ఉండాలి. ఇది సంసారులుండే ఇల్లు."

ఆ మాట వీరన్నకు చెంపదెబ్బలా తగిలింది. ఈ మనిషి మీద అతనికి మొదట్నుంచీ గౌరవం ఉండేది. ఖమ్మంలో ఇంటి కోసం తిరిగినన్నాళ్ళూ, గేటు దగ్గరే 'మీరేమిట్లు' అని కులం అడిగి, జవాబు వినగానే టులెట్ బోర్డు తిప్పేసినవాళ్ళే అంతా. ఈయనొక్కడే ఏమీ అడగకుండా తాళం చేతిలో పెట్టాడు. ఆ మంచితనమంతా ఇంతేనన్నమాట.

లోపల్నుంచి ఆదెమ్మ వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆమె ఈ వీధి చివర టైలరింగ్ షాపులో కుదిరి ఇంకా నెల కాలేదు.

"డోలును మా అన్న దగ్గరికి పంపుదాం. పొద్దుగాల బస్సుల ఏస్తే అయిపోతది. మళ్ల ఇల్లు యాడ దొర్కుతది?"

ఇంటాయన మీదకన్నా ఆమె మీద ఎక్కువ కోపం వచ్చింది వీరన్నకు. చెయ్యి విదిలించుకున్నాడు. డోలు పోయాక ఈ ఊళ్ళో తనకంటూ మిగిలేదేమిటని అరిచాడు. సామాను సర్దమన్నాడు. రేపే ఖాళీ చేస్తానని ఇంటాయన ముఖం మీదే చెప్పాడు.

"పోతె పోత. గానీ ఇయ్యాల మాత్రం కడుపునిండ కొట్టే పోత. ఎవడాపుతడో చూస్త."

గదిలో మూలనున్న డోలు తీసి, మెడకు తగిలించుకుని, డాబా మీదికి వెళ్ళి నిలబడ్డాడు. కసి కొద్దీ పెళ్ళి దెబ్బ అందుకున్నాడు.

కోయ ఊళ్ళల్లో పెళ్ళి డోలు ఒక్కడు వాయించేది కాదు. ఇద్దరుండాలి. ఒకడు కొట్టి ఆపితే, ఆ ఖాళీలో రెండోవాడు ఎదురు దెబ్బ అందుకుంటాడు. రెండోవాడు లేకపోతే ఆ చోటు ఖాళీగా వదిలెయ్యాలే తప్ప, తానే పూరించుకోకూడదు. అలా చేస్తే పెద్దలు ఊరుకోరు. ఖమ్మం వచ్చినప్పటి నుంచీ వీరన్న ఖాళీలు వదిలే వాయిస్తున్నాడు. మామూలుగా అయితే ఆ చోట తన ఊరు గుర్తొచ్చి హాయిగా ఉండేది. ఈ పూట మాత్రం, నీకిక్కడ ఎవరూ లేరని ఎవరో పళ్ళికిలిస్తున్నట్టుంది. ఇంకా గట్టిగా కొట్టాడు.

"ఆపు" అన్నాడు వెంకటరామారావు డాబా మీదికి వచ్చి. వీరన్న వినిపించుకోలేదు. ఇంటాయన ముఖం కందగడ్డలా అయింది. "ఆపమంటున్నానా" అంటూ రెండు చేతులూ ఎత్తి మీదికొచ్చాడు.

చెయ్యి పడితే పెద్దమనిషని కూడా చూడకూడదనుకున్నాడు వీరన్న. పళ్ళు బిగించి ఆఖరి దెబ్బ కొట్టి, ఖాళీ వదిలాడు.

ఇంటాయన చేతులు పడ్డాయి. వీరన్న మీద కాదు, పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు మీద. సరిగ్గా ఆ ఖాళీలో, ఎక్కడా తడబడకుండా, ఎదురు దెబ్బ మొదట్నుంచి చివరిదాకా మోగింది.

వీరన్న చేతిలో పుల్ల గాల్లోనే ఆగిపోయింది. మెట్లవైపు భయంభయంగా చూసి, ఇంటాయన అతని దగ్గరికి జరిగాడు.

"ఇంక కొట్టకు తమ్మీ, నా చేతులు నా మాట ఇంటలేవు" అన్నాడు గొంతు తగ్గించి. "నేనేమిట్లో కింద నా పెండ్లాం పిల్లలకు తెల్వదు."