తాళం తియ్యని వేలు

కొండపాలెంలో మందుల ఫ్యాక్టరీ విషవాయువును ఆపే ఫిల్టరును పరీక్షించి ఇన్‌స్పెక్టరు వేలిముద్ర వేస్తేనే జనం మొహాలకున్న మాస్కుల తాళాలు తెరుచుకుంటాయి. ఒక్కో వీధికి ఒక్కో ఇన్‌స్పెక్టరు. కిందివీధి హైమవతిది.

మీటరులో పచ్చదీపం వెలిగింది. కానీ ఫిల్టరు పెట్టె కింద పిచ్చుకలు చచ్చి రాలి ఉన్నాయి.

"ముద్ర ఎయ్యండి మేడమ్, పిల్లలు గొట్టంతో గంజి తాగలేక ఏడస్తన్నారు" అన్నాడు మేనేజరు జోగారావు.

"సిబ్బంది మాస్కులకు చేత్తో తీసే తాళాలే కదా, ముందు మనిద్దరం తీద్దాం. ఏమీ కాకపోతే వేస్తాను."

జోగారావు చెయ్యి తాళం దాకా వెళ్లి ఆగిపోయింది. "నాకు చంటిపిల్లలున్నారు మేడమ్" అంటూ వెనక్కి జరిగాడు.

హైమవతి వేలు ముడిచేసుకుని బయటికొచ్చింది. గేటు దగ్గర అన్నం గిన్నెలతో కిందివీధి తల్లులు నిలబడి ఉన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఒకావిడ గిన్నె మీద మూత పెట్టేసింది. "అదేటమ్మా, పైవీధి వాళ్ల మాస్కులు పొద్దున్నే తీసేసినారు గదా? మాయమ్మ అక్కడే ఉంది" అంది.

హైమవతి గిన్నెలు పక్కకు నెట్టుకుంటూ పైవీధి వైపు పరుగెత్తింది. అంత పెద్ద వీధిలోంచీ ఒక్క మాటా వినిపించడం లేదు.