ఆఖరి పంక్తి

“ఏమప్పా, ఆ పెద్దామె చేత వడ్డించుకోని తింటాండావే, నీకు సిగ్గనిపించలేదా?”

భోజనాల హాలు గుమ్మంలోనే నిలబడి కడిగేసింది సంగీత.

మదనపల్లెలో, పుంగనూరు రోడ్డు మీద ఉన్న ఆ వృద్ధుల వసతి గృహానికి ఆమె మేనేజరు. కుప్పం నుంచి వచ్చి రెండు నెలలే అయింది.

హాల్లో అందరూ తిని వెళ్లిపోయారు. ఒక్క బల్ల దగ్గరే ఇద్దరున్నారు. నారాయణమ్మ వణికే చేతులతో సంగటి ముద్ద వడ్డిస్తోంది. డెబ్బై దాటిన పరాయి మనిషి ఒకడు దర్జాగా కూర్చుని తింటున్నాడు.

సంగీతకు ఒళ్లు మండింది. మండదా మరి? నారాయణమ్మ బరువు నలభై కిలోలు. ఆమెకు గుడ్డెప్పుడు, పెరుగెప్పుడు, రాగి జావ ఎప్పుడు అని గోడకు చార్టు కట్టి మరీ చూసుకుంటోంది తను. తీరా చూస్తే ఆ కూడు ఇంకెవరో తింటున్నారు.

“ఈయన దినామూ వస్తాడా?” అని వంట చేసే మునీశ్వరిని అడిగింది.

“వస్తాడు మేడం, పుంగనూరు బస్సులో. మీరు భోజనానికి ఇంటికి పోయినాక.”

అంటే దొంగచాటుగానే, ఇవాళ తను తొందరగా తిరిగి రాబట్టి దొరికాడు అనుకుంది సంగీత.

ఆ మనిషి మెల్లగా అన్నాడు. “అమ్మా, ఒక్క నిమిషం బయటికి రా. ఆమె ముందర చెప్పే మాట కాదు.”

“నువ్వు చెప్పేదేం లేదు. ఇది సత్రం కాదు. రేపట్నుంచి ఈడికి రావద్దు.”

“సరేమ్మా. ఈ ముద్ద తినేసి పోతాను. సగంలో లేస్తే ఆమె...”

“లేయప్పా.”

లేచాడు. చెయ్యి కడుక్కుని, నారాయణమ్మకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

పీడ విరగడైందనుకుంది సంగీత.

మరుసటి సోమవారం బరువు చూస్తే ముప్పై ఎనిమిది. ఆ పై సోమవారం ముప్పై ఆరున్నర.

పన్నెండున్నరకు గంట కొడితే అందరూ తింటారు. నారాయణమ్మ మాత్రం కంచం పక్కకు జరుపుతుంది. “ఇప్పుడొద్దు, తర్వాత సూస్తాం” అంటుంది. ఆ తర్వాత అనేది రావడం లేదు.

డాక్టరు పెదవి విరిచాడు. “ఇంకొక్క కిలో తగ్గితే ఆస్పత్రిలో పెట్టి ముక్కులో గొట్టం వెయ్యాల్సిందే. ఈ వయసులో గొట్టం పడితే మళ్లీ నోటితో తినడం కష్టం.”

సంగీతకు భయం పట్టుకుంది. సంగటి మాన్పించి పెరుగన్నం పెట్టించింది. తనే కలిపి ముద్ద నోటికందించింది. నారాయణమ్మ నోరు తెరవలేదు.

“మీరు కోప్పడనంటే ఒక మాట మేడం” అంది మునీశ్వరి.

“చెప్పు.”

“ఆ మనిషి తిని లేస్తానే, ఈమె కూర్చొని తినేది. కంచంలో మెతుకు మిగిలేది కాదు.”

“ఈ ముక్క ముందే యాల చెప్పలేదు?”

“మీరు చెప్పనిస్తే కదా.”

సంగీత నారాయణమ్మ పక్కన కూర్చుంది. “అమ్మా, అందరితో పాటు ఎందుకు తినవు?”

నారాయణమ్మ వింతగా చూసింది. “బాగుందే పాపా! మెస్సు నడిపేదాన్ని, నేనే ముందు తినేస్తే ఎట్ల? బస్సు దిగి ఆకలితో వచ్చేవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లకు లేదనేదా?”

పుంగనూరు బస్టాండు దగ్గర ముప్పై ఏళ్లు మెస్సు నడిపిందామె. అది మూతపడి చాలా కాలమైంది. మనుషులను మరిచిపోయింది, ఊరు మరిచిపోయింది. ఆ మెస్సు మాత్రం ఆమె తలలో ఇంకా తెరిచే ఉంది.

మర్నాడు సంగీత ఇంటికి పోలేదు. రెండు గంటలకు హాల్లోకి వచ్చి కూర్చుంది.

“అమ్మా, ఆకలేస్తాంది. ఏమన్నా ఉండాదా?”

నారాయణమ్మ చటుక్కున లేచింది. “యాలమ్మా లేదు? కూర్చో.” సంగటి పెట్టింది, ఊరిబిండి పచ్చడి వేసింది, చాలన్నా వినకుండా ఇంకో గరిటె పప్పు పోసింది. తినేదాకా పక్కనే నిలబడింది.

“ఇంకెవరన్నా ఉండారా?”

“లేరమ్మా. నేనే ఆఖరు.”

అప్పుడు కూర్చుంది నారాయణమ్మ. నింపాదిగా, కంచమంతా తినింది. సంగీతకు ఏడుపు ఆగలేదు. ఆ మనిషి చేసినదీ ఇదే, తను తరిమేసిందీ దీనికే.

ఆదివారం రాగానే సందర్శకుల పుస్తకంలో అడ్రసు చూసుకుని పుంగనూరు బస్సెక్కింది. ఈశ్వరప్ప అని రాసి ఉంది. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుందామనే పోయింది.

ఆయన భార్య రుక్మిణమ్మ తలుపు తీసింది. ఆమె వెనక గోడ మీద ఈశ్వరప్ప ఫొటో ఉంది. దానికి పూలదండ వేసి ఉంది.

“గుండెపోటమ్మా. మొన్ననే పదకొండో దినం అయింది.”

సంగీత ఆ ఫొటోకు చేతులు జోడించింది. “ఆయన్ని కంచం ముందర నుంచి లేపింది నేనే.”

“చెప్పినాడు. నీ మీద కోపమేం లేదు. ‘ఆ పాప మంచిది, ఎట్లైనా కనుక్కుంటాదిలే’ అన్నాడు. సుగరు మనిషి, టైముకు తినాల. ఆమె కోసరమని రెండు దాకా కడుపు మాడ్చుకునేవాడు.”

“ఆమె మెస్సులో చానా ఏండ్లు తినింటాడు కదమ్మా. ఆ విశ్వాసం.”

రుక్మిణమ్మ తల అడ్డంగా ఊపింది.

“ఒక్క పూట కూడా తినలేదమ్మా. ఆ మెస్సుకు ఎదురుగా హోటలు మాది. ఆమె వచ్చినాక జనమంతా ఆ పక్కకే పోయినారు. గిరాకి లేక మా గల్లా కాడ ఊరికే కూర్చొని, ఆమె ఎప్పుడు తింటాదో దినామూ సూసినోడు ఈ ఊర్లో ఆయనొక్కడే.”