వంతెన కింద పావురాల గూడు

“ఇక చాలు, ఆ ఫొటోలు తీయడం ఆపండి” అన్నాడు ఆర్నాల్డ్, పావురాల గూడు తలుపుకు అడ్డంగా నిలబడి.

మేవిస్ ఆపలేదు. గోడను ఒక ఫొటో తీసింది. తలుపు పైనున్న రాతి దిమ్మెను ఒకటి తీసింది. అడ్డంగా నిలబడ్డ ఆర్నాల్డ్‌ను కూడా ఒకటి తీసింది.

“ఏమండీ, కాస్త జరగండి. ఇటుకలు కనపడటం లేదు.”

“కనపడక్కర్లేదు. వచ్చే నెలకి ఇది ఉండదు.”

లండన్ నుంచి వచ్చిన అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన పేరు గైల్స్ హార్‌కోర్ట్. పాత కట్టడాల్లో ఏది నిలపాలో, ఏది కూల్చనివ్వాలో తేల్చడం ఆయన ఉద్యోగం. స్కెల్బీ పేటలో రైలు వంతెన కింద ఉన్న ఈ ఇటుక గది సంగతి అరగంటలో తేల్చేసి మధ్యాహ్నం రైలుకి వెళ్లిపోదామని వచ్చాడు. దాన్ని పడగొట్టి, వెనకున్న ఖాళీ స్థలం కలుపుకుని కార్ల పార్కింగ్ కట్టడానికి ఒక కంపెనీ కాచుకుని కూర్చుంది.

గూడులో ఆర్నాల్డ్ పందెం పావురాలు నలభై ఉన్నాయి. వాటికి ఊరి అవతల కొత్త చెక్క గూడు కట్టిస్తామని కంపెనీవాళ్లు కాగితం రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఆర్నాల్డ్ అధికారి ముక్కు ముందు ఆడించాడు.

“పావురాలు కొత్త చోటికి వెళ్తాయా?” అని అడిగాడు హార్‌కోర్ట్.

“వెళ్తాయనే అంటున్నారు కంపెనీవాళ్లు” అన్నాడు ఆర్నాల్డ్, ఆకాశంలోకి చూస్తూ.

మేవిస్, పేట చరిత్ర సంఘానికి కార్యదర్శి. వానైనా మంచైనా మెడలో కెమెరా వేసుకుని తిరిగే మనిషి. స్కెల్బీలో ఆమె ఫొటో తీయని గోడ లేదు. కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచిలో పన్నెండు ఆల్బమ్‌లు ఈడ్చుకొచ్చి, మడత బల్ల మీద ఒక్కొక్కటే పరిచింది.

హార్‌కోర్ట్ ముందు నిలబడే తిరగేశాడు. తర్వాత కుర్చీ అడిగాడు. వానకు తడిసి మెరిసే పట్టాలు, సిగ్నల్ గది, బట్టలు ఆరేసిన సందులు, పొగ కక్కుతున్న మిల్లు గొట్టాలు. పేజీలు తిరిగేకొద్దీ గొట్టాలు తగ్గుతూ వచ్చాయి. చివరి ఆల్బమ్‌లో ఒక్కటీ లేదు. పక్కనున్న కాలువ వీధి నుంచి చూడ్డానికి వచ్చిన జనం ఇచ్చిన టీ ఆయన పక్కనే చల్లారిపోయింది.

ఒక ప్రార్థన మందిరం ఫొటో దగ్గర మేవిస్ వేలు ఆగింది.

“దీన్నీ కూల్చొద్దని ఉత్తరాలు రాశాం సార్. ఫొటో మిగిలింది.”

హార్‌కోర్ట్ ఆ పేజీ తిప్పాడు. ఈ గది కనపడే ఫొటోల్లో అన్నిటికన్నా పాతది ఏదని అడిగాడు. పంతొమ్మిది వందల డెబ్బై అయిదు చలికాలంలో మంచు పడ్డప్పటిదని ఆమె చూపించింది. అంతకుముందువి లేవా అంటే, కెమెరా ఆ ఏడే కొన్నానని చెప్పింది. దీన్ని ఎవరు కట్టారో ఏ పుస్తకంలోనైనా ఉందా అంటే, అన్నీ వెతికానని, ఎక్కడా లేదని చెప్పింది.

“పుస్తకాల్లో ఎందుకుంటుంది?” అన్నాడు ఆర్నాల్డ్. “కట్టింది నేను.”

చుట్టూ టీ కప్పులతో నిలబడ్డ జనం తలలు దించారు. ఎవరి కప్పులోకి వాళ్లు చూసుకున్నారు.

హార్‌కోర్ట్ నవ్వాడు. లేచి వెళ్లి గోడను గోటితో గీకాడు. రాతి దిమ్మె మీద చెక్కిన 1846ను వేలితో తడిమాడు.

“ఈ ఇటుక కూల్చేసిన మీ పాత స్టేషన్ నాటిదండీ. అప్పటికి మీరు పుట్టారా?”

“నేను పుట్టలేదు సార్. ఇటుక పుట్టింది.”

“ఆ వరస చూడండి. రైల్వే మేస్త్రీల్లో ఆరితేరినవాడి పనితనం అది. ఇప్పుడు అలా కట్టే చేతులే లేవు.”

ఆర్నాల్డ్ చెవులు ఎర్రబడ్డాయి. “అంత బాగుందా సార్?” అన్నాడు చిన్నగా.

మేవిస్ గట్టిగా దగ్గింది. వెంటనే ఆర్నాల్డ్ మొహం చిట్లించుకుని కాగితం మళ్లీ పైకెత్తాడు.

హార్‌కోర్ట్ ఆమె వైపు తిరిగాడు. ఈయన చెప్పేదాంట్లో నిజమేమైనా ఉందా అని అడిగాడు.

“ఈయన మాటల్లో నిజమెంతో తేల్చడం మానేసి చాలా ఏళ్లయింది సార్.”

అది చాలు ఆయనకు. కొత్త గూడు కోసం ఈ ముసలాయన ఎంతకైనా తెగిస్తాడని అర్థమైపోయింది. అక్కడే, బల్ల మీదే నివేదిక రాశాడు. కూల్చేసిన పాత స్టేషన్ తాలూకు ఆఖరి గుర్తు ఇదేనని, దీని మీద ఎవరూ చెయ్యి వేయరాదని, ఇన్నేళ్లుగా ఉంటున్న పావురాలను కూడా కదిలించరాదని రాసి సంతకం పెట్టాడు.

“అయితే నాకు కొత్త గూడు లేనట్టేనా?” అన్నాడు ఆర్నాల్డ్.

“క్షమించాలి. ఇందులో ఒక్క ఇటుక కూడా మీరు కదపడానికి వీల్లేదు.”

ఆర్నాల్డ్ పొడుగ్గా ఒక నిట్టూర్పు విడిచి, కంపెనీ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. హార్‌కోర్ట్‌కు జాలేసింది. ఆర్నాల్డ్ భుజం తట్టి, రైలుకు తీసుకెళ్లే కారెక్కబోతూ మేవిస్‌ను పక్కకు పిలిచాడు.

“పెద్దాయన మీద కోపం పెట్టుకోకండి. ఒకే పేటలో ఉండాల్సినవాళ్లు.”

“ప్రయత్నిస్తాను సార్” అంది మేవిస్.

కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక ఆమె, యాభై ఏళ్ల కిందట తను సున్నం కలిపి అందిస్తుంటే ఆ గోడలకు పాత స్టేషన్ శిథిలాల్లోంచి ఏరి తెచ్చిన ఇటుక మీద ఇటుక పేర్చిన తన మొగుడి చెయ్యి పట్టుకుని, టీ తాగడానికి ఇంట్లోకి నడిచింది.