బూట్ల పందెం

"మీ బూట్లు మళ్ళీ నా ముగ్గు తొక్కాయి," అంది వకుళ.

"పొద్దున్నే పరిగెత్తి అలిసిపోయి వచ్చాయి, వాటినేమీ అనకు," అన్నాడు శేషగిరి మంచం దిగకుండానే.

కాకినాడలో ఇప్పుడు అందరి బూట్లూ వాటంతటవే పరుగు సాధన చేసుకుని, మనుషులకు బదులు పందేలకు వెళ్తున్నాయి. కాలనీ పందెంలో సొంత కాళ్లతో పరిగెడతానని వకుళ పేరిస్తే ఆయన పడీపడీ నవ్వాడు.

"నువ్వు బూట్ల వెనకాల ఆఖరున వస్తే నా పరువేం కాను?"

ఆదివారం బూట్లన్నీ ముందు దూసుకుపోయాయి. దారిలో ఆంజనేయస్వామి గుడి రాగానే, అలవాటు కొద్దీ మెట్ల పక్కన జతలుజతలుగా సర్దుకుని ఆగిపోయాయి. వకుళ పరుగు ఆపకుండానే స్వామికి దణ్ణం పెట్టి, వాటిని దాటిపోయి గెలిచింది.

మధ్యాహ్నం శేషగిరికి పప్పులో నెయ్యి వేస్తూ చెప్పింది: "వచ్చే పందేనికి మీ పేరిచ్చేశాను. బూట్లది కాదు, మీదే."